గూట్లో లంగర్

భాగ్యశ్రీకి కోపం వస్తే మాటలు తగ్గుతాయి. ఆమె తండ్రి ఎల్లప్పకు కోపం వస్తే మాటలే ఉండవు. అలా ఆ తండ్రీకూతుళ్ళు రెండేళ్ళుగా ఒక్క మాట కూడా అనుకోకుండా పోట్లాడుకుంటున్నారు. మీరాలం చెరువుకు ఆ ఒడ్డున ఆయన, కిషన్‌బాగ్‌లో ఒక అద్దె గదిలో ఆమె. మధ్యలో బోలెడన్ని నీళ్ళు, గుర్రపుడెక్క, ఊరంతా కడిగి పారబోసిన మురికి.

గొడవ ఒక మోటారు పడవ దగ్గర మొదలైంది. చెరువులో షికార్లు తిప్పే కాంట్రాక్టరు ఒకడి దగ్గర భాగ్యశ్రీ పడవ నడిపేది. ఒకనాడు షికారుకొచ్చినవాళ్ళు దూరంగా వేలు చూపించి, అక్కడ బాగుంది, అక్కడికి పోనీ అన్నారు. వాళ్ళు చూపించింది గూడు. రెండు పెద్ద బండల చాటున నీళ్ళు బస్తీ దాకా చొచ్చుకొచ్చిన చోటు అది. చెరువంతా గాలికి ఎగిరెగిరి పడుతున్నా అక్కడ నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. అందుకే పాతవాళ్ళు దానికి గూడు అని పేరు పెట్టుకున్నారు. చేపలు పట్టి బతికే ఆ బస్తీలోనే భాగ్యశ్రీ పుట్టింది. తెలిసిన దారే కదా అని తీసుకుపోయింది. ఫోటోలు దిగే సందడిలో ఇంజను ఆపలేదు. పడవ తనపాటికి తాను జరిగి జరిగి, గూటి బయట పరిచి ఉన్న వలల మీదికెక్కింది. ఎల్లప్ప వలలు, ఈశ్వరయ్య వలలు, ఇంకా ఎవరెవరివో ఇంజను రెక్కలకు చుట్టుకుని పీలికలైపోయాయి. కాంట్రాక్టరు చేతులు దులుపుకున్నాడు. భాగ్యశ్రీ ఆ సాయంత్రమే పని మానేసి ఇంటికి పోయింది. అప్పటికే ఆమె బట్టల సంచి గుమ్మం బయట ఉంది.

తప్పు తనదేనని ఆమెకు తెలుసు. అయినా బట్టలు మడతపెట్టి మరీ సంచి బయటపెట్టిన తండ్రి మీద ఆమెకు కసి పోలేదు. ఆ కసితోనే సంచి భుజానేసుకుని వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ పౌరుషం ఎక్కడి నుంచి వచ్చిందని అడగనక్కర్లేదు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదు కదా.

ఇప్పుడు వారమంతా మెడికల్ షాపులో మందులమ్ముతుంది. ఆదివారం ఆడపిల్లలకు తెరచాప పడవ నేర్పుతుంది. చిన్నప్పుడు హుస్సేన్ సాగర్ మీద పడవల క్లబ్బువాళ్ళు బీద పిల్లలకు నేర్పుతుంటే నేర్చుకున్న విద్య అది. క్లబ్బు వదిలించుకున్న పాత పడవలు రెండు తెచ్చుకుని చెరువు కట్ట దగ్గర కట్టుకుంది. కాంట్రాక్టరు మనుషులకు అది కంటికింపు కాలేదు. తాళ్ళు విప్పేసేవాళ్ళు. మొన్న మొదటి వానకు గాలి లేచినప్పుడు ఒక పడవ కట్ట కమానులకు కొట్టుకుని కొట్టుకుని రెండు ముక్కలైంది. మిగిలింది ఒక్కటి. ఇంకో గాలివాన వస్తే అదీ పోతుంది, దాంతోపాటు ఆదివారాలూ పోతాయి. గాలి తగలని చోటు ఈ చెరువు మొత్తానికి ఒక్కటే ఉంది. అది గూడు. గూట్లో పడవ కట్టుకోవాలంటే చేపల సంఘం పెద్ద ఒప్పుకోవాలి. ఆ పెద్ద ఎల్లప్ప.

అందుకని ఆమె అన్న నగేష్‌కు ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపింది. నగేష్ ఆటో నడుపుతాడు, ఇద్దరి మధ్యా వార్తలు మోస్తాడు.

"అన్నా, ఐతారం పొద్దుగాల గూట్లకొస్తున్న. ఈసారి లంగర్ తెస్తున్న. మంచి గట్టి లంగర్, మా కృపాకరన్న సొంతంగ తయారు జేసిండు. బస్తీల అందరికి చెప్పు, ఎవ్వలు పరేషాన్ కావద్దని. బాపుకైతే జరూర్ చెప్పు."

నగేష్ వెంటనే ఫోన్ చేశాడు. "నిజమా చెల్లే? లంగరా?"

"నిజమే."

"అందరి ముంగట?"

"అందరి ముంగటనే. కండ్లతోని చూస్తెనే గద బాపుకు నమ్మకమొచ్చేది."

"ఈశ్వరయ్యోళ్ళకు గూడ చెప్పాల్నా?"

"వాళ్ళకే ముందు చెప్పు. వాళ్ళ వలలు గూడ చినిగినయ్ గద."

మర్నాడు నగేష్ మళ్ళీ ఫోన్ చేసి, బాపు నవ్విండు అని చెప్పాడు. భాగ్యశ్రీకి ఆశ్చర్యమేసింది. పడవకు లంగరుందంటే అంత సంబరపడాల్సిందేముంది? నీళ్ళ మీద పుట్టినవాడు కదా, పడవ నిలబడితే వలలు చిరగవని అర్థమై ఉంటుంది అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది.

ఆదివారం పొద్దున కట్ట దగ్గర తెరచాప ఎత్తుతుంటే కాంట్రాక్టరు మనిషి ఒకడు పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడ్డాడు. "ఓ మేడం, మళ్ళ గీడ కట్టకు. కడ్తే కొట్టుకపోతది. తర్వాత మమ్ములను అడగొద్దు" అని నీళ్ళలోకి పుక్కిలించి ఉమ్మాడు. అది పడవ పక్కనే పడింది. భాగ్యశ్రీ తెరచాప తాడు బిగించి ముడేసింది.

కృపాకర్ మాత్రం పడవలో కూర్చుని రెండు చేతులతో అంచు పట్టుకుని గొణుగుతున్నాడు. పక్క గదిలో ఉంటాడు, బస్సు డిపోలో మెకానిక్కు. పాత బస్సు స్ప్రింగు పట్టీలు వంచి, నాలుగు కొక్కేలు చేసి, పదును పెట్టి లంగరు తయారు చేసింది అతనే. తన లంగరు పనిచేస్తుందో లేదో చూడాలనే సరదా తప్ప అతనికి నీళ్ళంటే ఇష్టమూ లేదు, ఈతా రాదు.

"ఐతారం చర్చికి పోకుంట చెరువుకొచ్చిన. నన్ను ముంచేటందుకు దేవునికి గింతకన్న మంచి మోఖ దొరుకది."

"తల దించు అన్నా, తెరచాప వాసం తిరుగుతది."

గాలి ఎదురుగా ఉంది. తెరచాప పడవ గాలికి ఎదురు పోలేదు. కాసేపు ఇటు, కాసేపు అటు అడ్డంగా పోతూ, మొండివాడితో బేరమాడినట్టు కొంచెం కొంచెం గెలుచుకోవాలి. జూ పార్కు వైపు నుంచి సింహం ఒకటి గొంతు చించుకుంటోంది. గుర్రపుడెక్క కుళ్ళిన వాసన ముక్కు పగలగొడుతోంది. వలల గుర్తుగా కట్టిన ఖాళీ నీళ్ళ సీసాలు కనిపించగానే భాగ్యశ్రీ పడవ అడుగున దించిన పలకను పైకి లాగేసింది. చుక్కాని కూడా సగం ఎత్తింది. పడవ సీసాల మధ్య నుంచి వల పోగు కూడా తగలకుండా జారింది. బాపు చూస్తున్నాడా అని ఆమె కళ్ళు ఒడ్డు వైపు పోయాయి.

బండలు దాటి మలుపు తిరగగానే గాలి చప్పున ఆగిపోయింది. తెరచాప వేలాడింది. చప్పుడన్నది లేకుండా, వచ్చిన ఊపుతోనే పడవ గూట్లోకి పోతోంది. రెండేళ్ళయింది ఆ నీళ్ళు చూసి.

ఒడ్డున బస్తీ అంతా ఉంది. ఆడవాళ్ళు తలస్నానాలు చేసి మంచి చీరలు కట్టుకున్నారు. నేల మీద జంపఖానాలు పరిచి ఉన్నాయి. పిల్లల చేతుల్లో స్టీలు పళ్ళేలు, కొందరు ముసలమ్మల చేతుల్లో టిఫిన్ డబ్బాలు. పడవ కనబడగానే పిల్లలు పళ్ళేలు వాయించడం మొదలుపెట్టారు.

"బాజా గూడ పెట్టిండ్రు చెల్లే!" కృపాకర్ మొదటిసారి అంచు వదిలాడు. "నువ్వేమో ఊకెనె భయపడ్డవ్."

తల్లి నాగమణమ్మ విస్తరాకుల కట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఎల్లప్ప అందరికీ ఎడంగా, తన తెప్ప పక్కన నిలబడ్డాడు. ఆయన తెల్లచొక్కా వేసుకున్నాడు. పెళ్ళికీ ఓటుకూ తప్ప ఆయన తెల్లచొక్కా వేయడు. రెండేళ్ళ తరువాత మొదటిసారి బిడ్డ ముఖంలోకి చూశాడు. చూపు తిప్పుకోలేదు.

భాగ్యశ్రీ గుండె ఉప్పొంగింది. పడవ సరిగ్గా మధ్యకు రాగానే లేచి నిలబడి, క్లబ్బులో ముసలి నేవీ మాస్టారు నేర్పినట్టు గొంతెత్తి అరిచింది. "లంగర్!"

ఒడ్డంతా కేకలు, ఈలలు.

ఆమె లంగరు ఎత్తి నీళ్ళలో వేసింది. దభీమని మునిగింది. తాడు బిగిసింది. పడవ అనుకున్న చోటే, అంగుళం జరగకుండా ఆగింది.

పళ్ళేల మోత ఆగిపోయింది.

"నీళ్ళల్ల పడేసింది!" అని ఎవరో పిల్ల అరిచింది.

ఈశ్వరయ్య ముందుకొచ్చాడు. ఎల్లప్పకూ ఆయనకూ సంఘం పెద్దరికం దగ్గర ఎప్పటినుంచో పడదు. "ఏంది పిల్లా, డేగిసా నీళ్ళల్ల ఏసినవా?"

"డేగిసా ఏంది పెద్దనాయినా?"

"లంగర్ తెస్తున్న అన్నవ్ గద. ఏది?"

"ఏసిన గద. గదే లంగర్. ఇనుముది. పడవ జరుగకుంట పట్టుకుంటది."

ఈశ్వరయ్య మెడ చాచి తాడు మునిగిన చోటు చూశాడు. తరువాత పడీ పడీ నవ్వాడు. వెనక్కి తిరిగి, "ఓ ఎల్లప్పా, నీ బిడ్డ మనకు తినేటందుకు ఇనుము తెచ్చిందట. ఉప్పు కారం నువ్వేస్తవా?" అన్నాడు.

అప్పుడు తగిలింది భాగ్యశ్రీకి. గుట్ట మీది దర్గాలో ఉర్సు ఉత్సవానికి అందరికీ పెట్టే అన్నం లంగర్. చిన్నప్పుడు తనూ పళ్ళెం పట్టుకుని ఆ గుట్ట ఎక్కింది, వేడి వేడి దాల్చా పప్పుకు వేళ్ళు కాల్చుకుంది. ఈ బస్తీలో లంగర్ అంటే అదొక్కటే. పడవ నిలిపేదాన్ని ఇక్కడ ఎవరూ లంగర్ అనరు. క్లబ్బు మాట నోటికి అంత అలవాటై, పుట్టినచోటి మాట ఆమెకు గుర్తే రాలేదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఆ బస్తీలో ఒక కట్టుబాటు. ఎవరివల్లనైనా నలుగురికి నష్టం జరిగితే, ఆ మనిషి వచ్చి బస్తీకి అన్నం పెట్టాలి. తిన్నాక ఇంకెవరూ ఆ మాట ఎత్తకూడదు. అందరి ముంగట లంగర్ అంటే వాళ్ళకు ఏమని అర్థమైందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. బాపు ఎందుకు నవ్వాడో కూడా తెలిసింది.

"గిదా నువ్వు జెప్పిన లంగరు?" నగేష్ తల పట్టుకున్నాడు. "కృపాకరన్న తయారు జేసిండంటే వంటోడనుకున్న గదనే!"

"నేను డిపో మెకానిక్ భాయ్" అన్నాడు కృపాకర్ నొచ్చుకుంటూ.

"పొద్దటిసంది ఒక్కింట్ల పొయ్యి ముట్టియ్యలేదు" అంది నాగమణమ్మ. బిడ్డను తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు అంది. "మీ బాపు ఇల్లిల్లు తిరిగి చెప్పిండు. నా బిడ్డ అన్నం పెడ్తది, అందరు రావాలె అని చెప్పిండు."

అంతే, ఒడ్డున లొల్లి లేచింది. ఆకలి కడుపులకు తోడు పాత పగ. ఒకరి మాట ఒకరికి వినబడకుండా అందరూ ఒక్కసారే తిడుతున్నారు. వలలు చింపింది చాలక మస్కిరీలు జేయనీకి వచ్చినవా? మా పిల్లలతోని పళ్ళేలు పట్టిచ్చి తమాషా చూస్తున్నవా? క్లబ్బుల తిరిగితే గిట్లనే నెత్తికెక్కుతది! ఒక ముసలమ్మ దుమ్ము తీసి పడవ వైపు విసిరింది. అది నీళ్ళ దాకా రాలేదు గానీ, పిల్లలకు దారి చూపించింది. బురద ముద్దలు తెరచాప మీద పడసాగాయి. కృపాకర్ పడవ అడుగున ముడుచుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

"తెల్వక అన్న మాట! లంగర్ అంటే నా మనసుల..." భాగ్యశ్రీ గొంతు చించుకుంది. ఎవరు వింటారు?

ఎల్లప్ప తన తెప్పను తోసుకుంటూ నీళ్ళలోకి దిగాడు. తెల్లచొక్కాతోనే దిగాడు. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. పడవ పక్కకు వచ్చి ఆగాడు. ఒడ్డున అరుపులు కొంచెం తగ్గాయి.

"తియ్" అన్నాడు. రెండేళ్ళ తరువాత బిడ్డతో ఆయన అన్న మొదటి మాట అది.

"బాపు, నేను..."

"తియ్ అన్న."

భాగ్యశ్రీ తాడు లాగింది. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగింది. ఏదో బరువుగా, మెత్తగా పట్టుకుంది. గూట్లో ఎవరూ వల వేయకూడదన్నది ఎల్లప్పే పెట్టిన కట్టు. చేపలు గుడ్లు పెట్టే చోటని. అందుకే ఆమె అడుగు చూడకుండా లంగరు వేసింది. ఇప్పుడు నాలుగు కొక్కేలకూ చిక్కుకుని పైకొచ్చింది ఒక పెద్ద వలసంచి. పట్టిన చేపలు చావకుండా నీళ్ళలోనే కట్టి దాచే సంచి అది. పక్క నుంచి నిలువునా చిరిగి ఉంది. ఆ చిరుగులో నుంచి కొర్రమీనులు ఒకదాని వెంట ఒకటి జారి, నల్లగా మెరిసి, మాయమైపోతున్నాయి. బెత్తెడు మందం ఉన్నాయి ఒక్కొక్కటి. ఆమె చేయి అడ్డం పెట్టింది. వేళ్ళ సందుల్లోంచి పోయాయి.

"బాపు వారం సంది పట్టి దాచిండు" అని ఒడ్డు నుంచి నగేష్ అన్నాడు. "ఒక్కటి గూడ అమ్మలే. అన్నం బిడ్డది, పులుసు నాది అన్నడు."

భాగ్యశ్రీకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తండ్రి తనను ఎప్పుడో క్షమించాడు. వారం రోజులు ఊరంతా తిరిగి చెప్పుకునేంతగా క్షమించాడు. క్షమించిన సంగతి తనకు తెలిసేలోపే తను వచ్చి మళ్ళీ వల చింపింది. వలలు చింపని పడవ అని చూపించడానికి వచ్చి, ఆయన వలే చింపింది.

ఎల్లప్ప నడుముకున్న చాకు తీశాడు. వల కోస్తాడేమో అనుకుంది. లంగరు తాడు కోశాడు. ఇనుమునూ వలసంచినీ కలిపి తన తెప్ప మీదికి విసిరేశాడు. పట్టు తప్పిన పడవ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

"నా తెప్ప మీద కూసొని పెరిగినవ్. తెప్ప ఆగనీకి ఏమేస్తుంటిమే?"

ఆమె తెగిన తాడు కొసను వేలికి చుట్టుకుంటోంది.

"అడుగుతున్న గద. దాన్నేమంటుంటివి?"

"రాయి."

"రాయికి కొక్కేలుండవ్" అన్నాడు ఎల్లప్ప. "రాయి వల చింపది."

అని తెప్ప మీద చేయి వేసి, దాని రాయి ఎత్తాడు. మధ్యలో నడుము సన్నంగా అరగదీసి తాడు చుట్టిన పాత రాయి. చిన్నప్పుడు భాగ్యశ్రీ దాన్ని రెండు చేతులతో ఎత్తలేక ఏడ్చేది. ఎల్లప్ప దాన్ని ఒక్క ఊపున నెత్తి పైకెత్తి పడవలోకి విసిరాడు. ఆయన ముఖంలో ప్రేమ లాంటిదేమీ లేదు. పళ్ళు బిగపట్టి, చంపేటట్టే విసిరాడు. కృపాకర్ కాళ్ళు ముడుచుకున్నాడు గనుక బతికాడు. పడవ అడుగు చెక్క ఫట్‌మంది.

"ఇంకోపారి ఈ గూట్లకొస్తే గిదేసుకొని రా. ఇనుము తెచ్చినవనుకో, పడవ ముంచుత. నిన్ను గూడ ముంచుత. పో."

ఒక చేత్తో పడవను బయటికి నెట్టేసి వెనక్కి తిరిగాడు. తడిసిన తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఒడ్డున ఈశ్వరయ్య ఏదో అన్నాడు. ఎల్లప్ప అటు చూడకుండానే, "నోర్ముయ్" అన్నాడు. నాగమణమ్మ చంకలోంచి జారిపడ్డ విస్తరాకులు ఏరుకుంటోంది. పడవ వైపు చూడలేదు.

బండలు దాటాక గాలి మళ్ళీ పట్టుకుంది. ఈసారి వెనక నుంచి. తెరచాప నిండింది గానీ, పగిలిన చెక్క సందులోంచి నీళ్ళు బుడబుడమని పైకొస్తున్నాయి. కృపాకర్ తన టిఫిన్ డబ్బా మూత తీసి దాంతో నీళ్ళు తోడి పారబోస్తున్నాడు. ఎంత తోడినా మడమలు మునిగే ఉన్నాయి.

"చెల్లే, గా రాయి పారెయ్! మునుగుతం!"

"తోడు అన్నా."

"నాకు ఈత రాదే! గింత బరువెందుకే? పడవల ఉన్నది పారేయాలంటే మొదలు గదే పారెయ్యాలె!"

"డబ్బా పారెయ్."

"అండ్ల నా అన్నముంది!"

ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ చోటు లేక ముక్కు చీదుకుంది. చుక్కాని చంక కింద బిగించి, వంగి, రాయిని పగిలిన చెక్క మీద నుంచి పక్కకు జరిపి, దాని తాడును పడవ ముందరి కొయ్యకు కట్టింది. ముడి బిగించడానికి పంటితో లాగింది.

"పిచ్చి పట్టిందా? మళ్ళ పోతవా ఆడికి? ఈసారి నరుకుతరు."

"పోత" అంది భాగ్యశ్రీ. "బియ్యమేసుకొని పోత, పప్పేసుకొని పోత. ఇప్పుడు రాయి పారేస్తే, అయ్యన్ని ఏసుకొని పోయి ఆడ పడవ నెట్ల ఆపాలె అన్నా? తోడు, తోడు."